నల్లగొండలో ఫ్రీజర్ బాక్స్, టెంట్: బాకీ మీద ఇచ్చిన షాపు

మా నాయన పోయినప్పుడు ఫ్రీజర్ బాక్స్, షామియానా, కుర్చీలు అన్నీ ఒక్క టెంట్ హౌస్ నుంచే తెప్పించుకున్నాం, ఐదుకు ఐదు స్టార్లు ఇస్తున్నా. చేతిలో డబ్బు లేదని ఫోన్‌లోనే చెప్పాను. "ముందు కార్యం కానీయ్ తమ్మీ, పైసలు దినాలైనంక చూద్దాం" అన్నాడు ఓనర్. ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. బాక్స్ తెచ్చిన పిల్లగాడు వైరు సరిచూసి, రాత్రి కరెంటు పోతదేమోనని ఇన్వర్టర్ కూడా పెట్టి, అద్దం మీద చెమ్మ పట్టినప్పుడల్లా మెత్తటి గుడ్డతో తుడిచి అక్కడే కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు అతనికి.

కుర్చీలు మాత్రం దుమ్ముగా వచ్చాయి, బిల్లులో దేనికెంతో విడివిడిగా రాస్తే బాగుండేది.

అంతకుముందు ఒక ప్రైవేట్ అంబులెన్స్‌వాళ్లు శవాన్ని ఊరికి తేవడానికి ఇష్టమొచ్చిన రేటు చెప్పారు, ఆ టైంలో బేరమాడే ఓపిక ఎవరికుంటది? సర్కారు దవాఖానలో పోతే ఉచిత పార్థివ వాహనం ఉందేమో ముందు అడగండి.

షాపతనే గుర్తుచేసిన ఇంకో సంగతి: 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు పోతే, సర్కారు రైతు బీమాలో పేరు నమోదై ఉంటే, నామినీకి 5 లక్షలు వస్తాయి, పోయిన కారణంతో పని లేదు. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించి, సర్టిఫికెట్, నామినీ ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ పట్టుకుని మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి.