మోలారిటీ లెక్కల ఆన్‌లైన్ కోర్సు: సర్ సూపర్, ఆన్సర్ కీ మాత్రం జాగ్రత్త

మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మ్యాథ్స్, ఫిజిక్స్ లాక్కొచ్చేస్తాడు గానీ కెమిస్ట్రీలో స్టాయికియోమెట్రీ (రియాక్షన్‌లో ఏది ఎంత కావాలో, ఎంత వస్తుందో తేల్చే లెక్కలు) అనగానే పుస్తకం మూసేస్తాడు, అందులోనూ మోలారిటీ (లీటర్ ద్రావణంలో ఎన్ని మోల్స్ కరిగి ఉన్నాయో చెప్పే సంఖ్య), వాల్యూమ్ కలిపి ఇస్తే మరీను. అందుకే ఆ ఒక్క చాప్టర్‌కి రికార్డెడ్ కోర్సు కొన్నాం, ఐదొందల లోపే. పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి.

ముందు మంచి చెప్తా. సర్ ఫార్ములా రాసి మొదలెట్టే రకం కాదు. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ బీకర్లో కొంచెం నీళ్ళలో కరిగించి, అది వేడెక్కుతుంది కదా, చల్లారేదాకా ఆగి, 250 ఎంఎల్ స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో పోసి, బీకర్ కడిగిన నీళ్ళు కూడా అందులోనే పోసి, అప్పుడు మెడ మీదున్న గీత దాకా నింపుతారు. 250 ఎంఎల్ నీళ్ళు పోయడం వేరు, మొత్తం కలిపి 250 ఎంఎల్ చేయడం వేరు అని అది చూస్తే ఎవడికైనా ఎక్కుతుంది. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ అంటే 0.1 మోల్, అది 0.25 లీటర్‌లో ఉంది, అంటే 0.4 మోలార్. వేడి మీదే గీత దాకా నింపేస్తే చల్లారాక మట్టం దిగిపోతుంది కదా అంటూ మోలారిటీ టెంపరేచర్‌తో ఎందుకు మారుతుందో కూడా అక్కడే చెప్పేశారు.

అసలు డబ్బులు వసూలైంది మిల్లీమోల్స్ క్లాసుతో. మోలారిటీని ఎంఎల్‌తో గుణిస్తే నేరుగా మిల్లీమోల్స్ (మోల్‌లో వెయ్యో వంతు) వస్తాయి, లీటర్లలోకి మార్చే గోలే లేదు. ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) 3 గంటల్లో 160 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు, ఇలాంటివే కావాలి. తర్వాత మనోళ్ళందరూ బట్టీపట్టే ఎం1వి1 = ఎం2వి2 (రెండు వైపులా మోలారిటీ ఇంటూ వాల్యూమ్ సమానం) ని పట్టుకుని ఉతికేశారు. 25 ఎంఎల్ 0.2 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని న్యూట్రలైజ్ చేయడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఎంత కావాలి? ఆ ఫార్ములాలో పడేస్తే 50 ఎంఎల్ వస్తుంది, ఆప్షన్స్‌లో 50 కూడా రెడీగా ఉంటుంది, టిక్ పెట్టి హ్యాపీగా వెళ్ళిపోతారు. కానీ యాసిడ్ 5 మిల్లీమోల్స్, ఒక్కో మోల్‌కి రెండు మోల్స్ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి, అంటే 10 మిల్లీమోల్స్, సో 100 ఎంఎల్. నీళ్ళు కలిపి పల్చన చేసే లెక్కకి ఆ ఫార్ములా కరెక్టే, రియాక్షన్ ఉంటే మాత్రం ముందు ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసి నిష్పత్తి చూసుకోమన్నారు. ఇప్పుడు మావాడు లెక్క చూడగానే ముందు ఈక్వేషన్ రాస్తున్నాడు, అంతకంటే ఏం కావాలి.

ఇక తిట్లు. ప్రాక్టీస్ షీట్ సర్ తయారుచేసింది కాదనుకుంటా, క్లాసుకీ దానికీ పొంతన లేదు. ఒక లెక్క చూడండి, 50 ఎంఎల్ 0.2 మోలార్ సిల్వర్ నైట్రేట్, 100 ఎంఎల్ 0.15 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపారు, మిగిలిన క్లోరైడ్ మోలారిటీ ఎంత అని. సిల్వర్ 10 మిల్లీమోల్స్, క్లోరైడ్ 15, సిల్వరే లిమిటింగ్ రీఏజెంట్ (ముందు అయిపోయేది), 1.435 గ్రాముల సిల్వర్ క్లోరైడ్ అడుగుకి చేరుతుంది, 5 మిల్లీమోల్స్ క్లోరైడ్ మిగుల్తుంది, ఇంతవరకు కీ కూడా కరెక్టే. కానీ చివర్లో 100 తో భాగించి 0.05 అని ఇచ్చారు. అరె బాబూ రెండూ కలిపాక గిన్నెలో ఉన్నది 150 ఎంఎల్ కదా, 0.033 రావాలి! పిల్లలు తడబడేదే అక్కడ, కీ కూడా అక్కడే తప్పైతే ఇంకెవరిని అడగాలి. యాప్‌లో రిపోర్ట్ కొడితే 'మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు' అని వచ్చింది, కీ మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

డెన్సిటీ, శాతం ఇచ్చి మోలారిటీ అడిగే రకానికి ఒకే వీడియో, అదీ హడావుడిగా. డెన్సిటీ ఎంఎల్‌కి 1.18 గ్రాములు, బరువులో 36.5 శాతం ఉన్న హెచ్‌సీఎల్ 11.8 మోలార్ ఎలా అయ్యిందో రెండు లైన్లలో తేల్చేశారు, మావాడికి నేను మళ్ళీ చెప్పాల్సొచ్చింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ కోసమైతే ఇది చాలదు, ఇంటర్‌కీ ఎంసెట్‌కీ సరిపోతుంది.

ఇంకోటి, వీడియోలు డౌన్‌లోడ్ అవ్వవు. హాస్టల్లో ఉండే పిల్లలకి ఫోన్లే ఇవ్వరు కాబట్టి వాళ్ళ కోసం కొనకండి, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చూసుకుంటారంటే మీ ఇష్టం. క్లాస్ నోట్స్ ప్రింట్ తీసుకునేలా పీడీఎఫ్ ఇస్తారా అని నేను మెయిల్ పెట్టా, ఇంకా రిప్లై లేదు.