పొందూరు ఖద్దరు ముక్కలంటూ కిలోల లెక్కన అమ్ముతున్న సంచులతో జాగ్రత్త

ఇంట్లో ఒక గదిని పనిగదిగా మార్చుకుని, బట్ట ముక్కలు, నూలు, కాగితం, అక్రిలిక్ రంగులు కలిపి గోడపటాలు, పుస్తకాల అట్టలు, చేతిసంచులు తయారుచేసే వారందరికీ ఈ హెచ్చరిక. పొందూరు ఖద్దరు పేరుతో కత్తిరింపు ముక్కలను, వాటికి తోడు ప్రకృతి రంగులు అద్దినవని చెప్పే నూలు చిలపలను (నూలు చుట్టలను) ఒకే సంచిలో పెట్టి ఆన్‌లైన్‌లో కిలోల లెక్కన అమ్ముతున్నారు. నేను శ్రీకాకుళానికి తెప్పించుకున్న సంచిలో ఖద్దరూ లేదు, ప్రకృతి రంగూ లేదు. ఫిర్యాదు ఇంకా తేలనందున అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా అవే ఫొటోలతో అదే సరుకు రకరకాల పేర్ల మీద కనిపిస్తోంది గనుక, పేరుకన్నా సరుకును గుర్తుపట్టడమే మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

పొందూరు మన జిల్లాలోనే ఉండగా ఆన్‌లైన్‌లో కొనడమేమిటని కొందరు అడిగారు. పటాల పనికి కావలసినవి అరచేయంత ముక్కలు, అవి కూడా నాలుగైదు రకాల నేతల్లో. అందుకోసం ఖరీదైన సన్న ఖద్దరును మీటర్ల కొద్దీ కొని దాని మీద కత్తెర పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఈ అవసరాన్ని కనిపెట్టే ఆ సంచులను తయారుచేస్తున్నారు. ముక్కలకు జతగా ఎరుపు, పసుపు, నీలం చిలపలు కూడా వస్తాయి గనుక బేరం మరీ ముచ్చటగా కనిపిస్తుంది.

రథసప్తమికి ఇవ్వవలసిన ఒక పటం కోసం వాటిని వాడాను. అరసవల్లి సూర్యనారాయణస్వామిని తలచుకుంటూ ఏడు గుర్రాల రథాన్ని చేయమని అడిగారు. అడుగున ఉతికి ఆరబెట్టిన గోనెపట్టా, దాని మీద ఇస్త్రీ వేడికి అంటుకునే ఫ్యూజింగ్ షీటుతో అతికించిన మీగడరంగు ముక్కలు, వాటి మీద ఎర్ర నూలుతో కాడకుట్టు, ఆపైన అక్కడక్కడ నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటించిన చేతికాగితం, ఇదీ పని వరుస. ఇస్త్రీ పెట్టెను నూలుబట్టకు పెట్టే వేడిలో ఉంచి నొక్కగానే ముక్కల అంచులు లోపలికి గుంజుకుపోయి, ఇస్త్రీ తగిలిన చోటల్లా బట్ట నున్నగా మెరిసింది. నిజమైన ఖద్దరు ఆ వేడికి అణుగుతుందే గాని మెరుగు ఎక్కదు. ఆ భాగాన్ని విప్పి ఇంట్లో ఉన్న పాత ఖద్దరుతో మళ్లీ చేశాక, జిగురు తడి తగిలిన చోట ఎర్ర నూలు రంగు వదిలి సూర్యబింబం చుట్టూ గులాబీ మరకగా పాకింది. అనేక పొరలు ఒకదానిమీద ఒకటి అంటించిన పనిలో అలాంటి మరకను ఉతికి తీయడం కుదరదు. పటం పాడయింది, తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను.

కత్తిరింపు ముక్కల్లో మోసం ఇంత సులువు కావడానికి కారణం ఉంది. తానుగా ఉన్న బట్టకు నేత అంచు ఉంటుంది, పన్నా ఎంతో కొలవవచ్చు, ఏది పడుగో ఏది పేకో తెలుస్తుంది, దానికి కట్టిన చీటీ ఉంటుంది. ఖాదీ మార్క్ నిబంధనలు 2013లో వచ్చాయి. వాటి ప్రకారం ఆ మార్క్ చీటీ లేకుండా ఏ బట్టనూ ఖాదీ అని అమ్మకూడదు. అంతకుముందు నుంచీ అమల్లో ఉన్న 1956 నాటి చట్టం ప్రకారం చేత్తో వడికిన నూలును చేమగ్గం మీద నేస్తేనే అది ఖాదీ. మిల్లు నూలుతో చేమగ్గం మీద నేసిన బట్ట మంచిదే కావచ్చు, ఖాదీ మాత్రం కాదు. బట్టను నాలుగు వైపులా కత్తిరించి ముక్కలు చేసిన క్షణాన ఈ ఆధారాలన్నీ పోతాయి, మిగిలేది అమ్మేవాడి మాట ఒక్కటే.

ఆ మాట నమ్మదగినదో కాదో తూకమే చెబుతుంది. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులుగా చుట్టి, చక్రానికి ఇరవై నాలుగు ఆకులుండే రాట్నం మీద ఒక్క కదురుతో వడుకుతారు. ఆ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. పనంతా చేతిమీదే సాగుతుంది గనుక ఒక మీటరు బట్ట వెనుక ఎంత శ్రమ ఉంటుందో ఊహించుకోవచ్చు. సన్నని నూలుబట్ట చదరపు మీటరు వంద గ్రాములలోపే తూగుతుంది కాబట్టి కిలో కావాలంటే పది చదరపు మీటర్లకు పైగా బట్ట పోగవ్వాలి. అంత ఖరీదైన బట్టను కిలోల కొద్దీ ముక్కలుగా పారేసే దర్జీ ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఉన్నాడనుకున్నా, మామూలు కట్ పీసుల ధరకు అవి ఊరూరా పంపేటంత దొరకవు.

ఆ అమ్మకందారు పెట్టిన వీడియో గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే కొంటున్నారు. ఒక ముక్క లోంచి పోగులు లాగి అగ్గిపుల్లతో వెలిగిస్తారు, అవి కాగితం కాలినట్టు కాలి మెత్తని బూడిద అవుతాయి, చూశారా స్వచ్ఛమైన నూలు అంటారు. ఆ వీడియోను ఆపి ఆపి చూస్తే, పోగులన్నీ ముక్కకు ఒకే వైపు నుంచి లాగినవని తెలుస్తుంది. నా దగ్గరున్న ముక్కల్లో నిలువు పోగులను, అడ్డు పోగులను వేరుచేసి, పట్టకారుతో పట్టుకుని విడివిడిగా కాల్చాను. ఒక వైపు పోగు సక్రమంగా కాలి, వేలితో తాకితే పొడి అయ్యే బూడిదను మిగిల్చింది. రెండో వైపు పోగు మంట ఇంకా తగలకముందే ముడుచుకుని, నల్లని పొగతో కరిగి, చివర గోటికి లొంగని నల్లపూస కట్టింది. అంటే ఒక దిక్కున నూలు, రెండో దిక్కున పాలిస్టర్. ఇస్త్రీ వేడికి ముక్కలు ఎందుకు గుంజుకున్నాయో ఇక్కడ తేలిపోయింది. సోడా కలిపిన రంగునీళ్లలో ముంచిన మరో ముక్క చుక్కలు చుక్కలుగా తేలడానికీ ఇదే కారణం, ఎందుకంటే ఆ రంగులు నూలును పట్టుకుంటాయి గాని పాలిస్టర్‌ను పట్టుకోవు.

రెండు వైపులా పోగులు బూడిదైనా వెంటనే నిశ్చింత పడకూడదు. చెక్క గుజ్జుతో తయారుచేసే విస్కోస్ పోగు కూడా నూలు లాగే కాలుతుంది గనుక మంట ఆ రెండింటికీ తేడా చెప్పదు. పోగును నోటితో తడిపి లాగి చూడండి. నూలు పోగు తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది, విస్కోస్ పోగు తడిసిన చోటే ఇట్టే తెగుతుంది. చేత్తో వడికినదో కాదో తెలియాలంటే ముక్కను కిటికీకి అడ్డంగా పట్టి చూడాలి. చేతి వడుకులో లావు సన్నాలు రెండు దిక్కుల పోగుల్లోనూ క్రమం లేకుండా కనిపిస్తాయి. మిల్లులో కావాలని అక్కడక్కడ లావు పెట్టి తీసిన నూలయితే చాలాసార్లు ఆ లావు చోట్లు ఒక్క దిక్కునే ఉంటాయి, అవీ ఇంచుమించు ఒకే పొడవున ఉంటాయి. నాకొచ్చిన ముక్కలు ఈ రెండో రకానివి.

రంగుల విషయానికొస్తే, పసుపు చిలపకు పసుపుకొమ్ము రంగు అద్దామనీ, అది ఎండకు వెలవదనీ చీటీ మీద అచ్చువేశారు. ఈ రెండు మాటలూ ఒకే నూలు గురించి నిజం కాలేవు, ఎందుకంటే పసుపుకొమ్ము రంగు ఎండకు అన్నిటికన్నా ముందు వెలిసిపోయే రంగుల్లో ఒకటి. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబారుతుందని పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు కదా. ఆ నూలును బెత్తెడు తెంచి సున్నపు తేటలో వేశాను, రంగు ఏమాత్రం మారలేదు. ఎర్ర నూలుకు మంజిష్ఠ వేరు రంగు అద్దామన్నారు. దాన్ని తడి చేసిన తెల్లగుడ్డ మడతలో పెట్టి గ్లాసు బరువు పెడితే కాసేపటికే గుడ్డ మీద నూలు వరుసలు అచ్చు పడ్డాయి. నీలం విషయంలో మాత్రం ఈ పరీక్షను గట్టిగా నమ్మకండి, అసలైన నీలిమందు అద్దిన బట్ట కూడా రుద్దితే కొద్దిగా రంగు ఇస్తుంది. ప్రకృతి రంగులన్నీ గట్టివి, రసాయన రంగులన్నీ కారేవి అని నేను అనడం లేదు. సరిగ్గా అద్దిన రసాయన రంగును నిక్కచ్చిగా ఆ పేరుతోనే అమ్మితే హాయిగా కొంటాను.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే మొదట, చేతిపనిలో ఇలాంటి తేడాలు సహజమని జవాబు వచ్చింది. తరువాత తప్పును గోనెపట్టా మీదికి నెట్టారు. జనపనారను మెత్తబరచడానికి మిల్లుల్లో నూనె వాడతారు గనుక ఆ నూనె వల్లే రంగు కారిందన్నారు. మిల్లుల్లో నూనె వాడే మాట నిజమే, జనపనార మిల్లులున్న విజయనగరం జిల్లా పక్కనే ఉండే మనకు ఆ వాసన కొత్త కాదు. అయితే నూనె వల్ల పసుపుపచ్చని మరక పడుతుందే గాని ఎర్ర నూలు కరగదు. పైగా తెల్లగుడ్డ మడతలో పెట్టిన నూలుకు గోనెపట్టా సోకనే లేదు. ఈ మాట రాశాక కత్తిరింపు ముక్కలకు రిటర్న్ లేదన్న ఒక్క వాక్యం వచ్చింది, ఆపైన నా నంబరును బ్లాక్ చేశారు.

రిటర్న్ లేదని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన చట్టం ఆగదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు, నేను అక్కడే నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే, అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే రుసుము ఉండదు.

ఇకమీదట ముక్కలు కొనాలనుకునేవారు, కత్తిరించకముందు తాను అంచుతో సహా, ఖాదీ మార్క్ చీటీతో సహా ఫొటో అడగండి. రెండు దిక్కుల పోగులూ విడివిడిగా కాల్చిన వీడియో అడగండి. నిజాయితీగా అమ్మేవారికి ఇవి కష్టమైన కోరికలు కావు. మన జిల్లాల వాళ్లకైతే పొందూరు వెళ్లి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మీటరు బట్ట కొని పంచుకోవడం ఆ కిలో సంచికన్నా చివరికి చవకే అవుతుంది.

ఈపాటికే ఆ సంచి ఇంటికి వచ్చినవారు ముక్కలను మీ మిగతా ఖద్దరుతో కలపకండి, కలిపితే తరువాత ఏరడం కష్టం. వాటిలో ఒక్కటైనా ఏ పటంలోనైనా అతికించి ఉంటే ఆ పటం మీద తడి జిగురు గాని, వేడి ఇస్త్రీ గాని ఇక పెట్టకండి. రంగు ఇప్పటికే పాకి ఉంటే ఇస్త్రీ చేసినకొద్దీ మరక మరింత పట్టుకుంటుంది, పైపైన చన్నీటి గుడ్డతో అద్దడం వరకే చేయండి. చీటీ, పార్సిల్ కవరు, చెల్లింపు రసీదు, వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్ దాచి ఉంచండి. ప్రకటనలో మాటలు మార్చేస్తున్నారు గనుక స్క్రీన్‌షాట్ ఈ రోజే తీసుకోవడం మంచిది.