ప్యాటర్న్ ఈఆర్‌జీకి డీటీఎల్ దారం ఎలా ఉంది?

చూపు తగ్గడానికి కారణం మాక్యులాలో (రెటీనా మధ్యభాగంలో) ఉందా, ఆప్టిక్ నరంలో ఉందా అన్నది తేలనప్పుడు ప్యాటర్న్ ఈఆర్‌జీ చాలా అక్కరకొస్తుంది. తెర మీద నలుపు-తెలుపు గళ్లు మారుతుంటే రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష ఇది. అందులో సుమారు 50 మిల్లీసెకన్లకు పైకి లేచే తరంగం పీ50, సుమారు 95 దగ్గర కిందికి దిగేది ఎన్95. పీ50 తగ్గితే మాక్యులా మీద అనుమానం. పీ50 బాగానే ఉండి ఎన్95 ఒక్కటే తగ్గితే ఆప్టిక్ నరంగా సాగే గాంగ్లియన్ కణాల మీద. అయితే ఈ తరంగాల ఎత్తు కొద్ది మైక్రోవోల్టులే. అందుకే హైదరాబాద్‌లో ఈ పరీక్ష కొత్తగా మొదలుపెట్టే క్లినిక్ మిషన్ కన్నా ముందు కంటి సంకేతాన్ని అందుకునే ఎలక్ట్రోడ్ గురించి ఆలోచించాలి.

కాంటాక్ట్ లెన్స్ ఎలక్ట్రోడ్ ఇక్కడ పనికిరాదు, తెర మీది గళ్లను మసక చేస్తుంది. బంగారు రేకు మంచిదే కానీ పెట్టడానికి చేయి తిరిగి ఉండాలి. వెండి పూత వేసిన నైలాన్ దారమే డీటీఎల్ ఎలక్ట్రోడ్, 1979లో వచ్చింది, మా దృష్టిలో ఇప్పటికీ అదే మేలు. చూపుకు అడ్డు రాదు, చాలామందికి మత్తు చుక్కలు కూడా అక్కర్లేదు.

దీని బలహీనత ఒక్కటే, జారడం. కింది రెప్ప లాగి, నల్లగుడ్డు కింది అంచును ఆనుకునేలా దారం పరిచి, రెండు కొసలూ కంటి మూలల్లో అతికించాలి. రెప్ప లోపలి మడతలోకి దిగిపోతే తరంగం చిన్నదైపోతుంది, జబ్బు లేకపోయినా రిపోర్టులో జబ్బులా కనిపిస్తుంది. మే నెల ఎండలో చెమటతో వచ్చినవారికి అతుకు నిలవదు. చర్మం తుడిచి, కాటుక, సుర్మా ఉంటే తీసేసి, కాసేపు ఆరనిచ్చాకే అతికించండి. పోలిక కోసం పెట్టే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అదే కంటి బయటి మూల పక్కన ఉండాలి. చెవికో నుదుటికో పెడితే మెదడు సంకేతాలు కలుస్తాయి. ఇంపెడెన్స్ (అతుకు దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డు) 5 కిలో ఓమ్‌లు దాటితే 50 హెర్ట్జ్ కరెంటు రొద దూరుతుంది. ఆ 50 హెర్ట్జ్‌నే కోసేసే నాచ్ ఫిల్టర్‌తో దాన్ని కప్పిపెట్టకండి, అతుకు సరిచేయండి.

గడి 0.8 డిగ్రీలు, తెర 15 డిగ్రీలు, సెకనుకు 4 మార్పులు, కనీసం 100 స్వీప్‌ల (ఒక్కో మార్పుకు వచ్చే రికార్డింగుల) సగటు. ఇదంతా రెండుసార్లు తీయాలి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చోకపోతే ముందు దారం చూడండి. ఎల్‌సీడీ తెర అయితే గళ్లు మారే క్షణంలో వెలుగు ఒక్కసారి తుళ్లుతుందేమో కూడా పరీక్షించుకోవాలి.

పొద్దున రెటీనా చూపించుకుని కంటిపాప పెద్దది చేసే చుక్కలతో నేరుగా వచ్చేస్తుంటారు. వారికి ఆ రోజు చేయకండి. నలభై దాటినవారికి తెర దూరానికి సరిపడే అద్దాలు పెట్టాలి, మీటరు దూరమైతే అదనంగా +1.00 దాకా. దారం ఒక్కసారి వాడి పారేసేదే, ఖర్చనిపించినా కడిగి మళ్లీ వాడొద్దు.