బోర్డుకా, హైకోర్టుకా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక తెలుగాయనను ఇంటివాళ్లు ఆయనకు ఇష్టం లేకుండా మానసిక వైద్యశాలలో చేర్చారనుకోండి. ఆ నిర్బంధాన్ని ప్రశ్నించడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు. ఫీజు లేదు, ప్రత్యేక పరిస్థితుల్లో ఫోనులో చెప్పినా దరఖాస్తుగా తీసుకోవచ్చు. రోగి ఇష్టంతో పని లేకుండా చేర్చుకోనిచ్చే 89వ సెక్షన్ కింద చేర్చుకుంటే, ఉంచుకునే గడువు 30 రోజులే. ఆ సంగతి ఆస్పత్రి 7 రోజుల్లో, మహిళ అయితే 3 రోజుల్లో, బోర్డుకు తెలపాలి. రోగి అభ్యంతరపెడితే బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. ఈ హక్కులన్నీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది 22వ సెక్షన్. ఒడియా చదవలేని మనిషి చేత ఒడియా కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే చెప్పినట్టు కాదు. నన్నడిగితే మొదట పట్టుకోవలసిన అంశం ఇదే.

రెండోది, కటక్‌లోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే అర్జీ. దూరాభారం, వకీలు ఖర్చు సరేసరి. అయితే ఏ కాగితమూ లేకుండా గదిలో పెట్టి తాళం వేసిన చోట దీని ముందు బోర్డు దిగదుడుపే. జబ్బు ఏ పాటిదో తేల్చడానికి మాత్రం బోర్డే నయం. అందులో మానసిక వైద్యుడూ సభ్యుడే. పైగా దాని నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.