పాత బుల్లెట్‌తో పదమూడేళ్లు: ఇంజను, సైలెన్సర్ పనులు ఇంట్లోనే

1994 మోడల్ బుల్లెట్ 350. మా నాన్న కొన్నారు, 2012లో నా చేతికొచ్చింది. 346 సీసీ, కాస్ట్ ఐరన్ సిలిండర్ ఉన్న ఇంజను, నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తెనాలి నుంచి గుంటూరుకు వారంలో నాలుగు రోజులు దీని మీదే. ఈ పదమూడేళ్లలో అరవై వేల కిలోమీటర్లకు పైనే తిరిగాను. మొదటి ఏడాది తప్పితే మెకానిక్ దగ్గరికి వెళ్లింది మూడుసార్లే. ఆ మూడింట్లో రెండు నా నిర్వాకమే, అవీ చెబుతాను.

సొంతంగా పని చేసుకుందామనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బండి నాకు తెలియదు. ఎందుకంటే ఇందులో ఏదీ దాచిపెట్టి ఉండదు. టాపెట్లే తీసుకోండి, ఇంజనులోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వులను తెరిచే భాగాలు ఇవి. సిలిండర్ కింది భాగంలో కుడివైపు చిన్న మూత, దానికి ఒకే నట్టు. అది తీస్తే రెండు పుష్ రాడ్లు, అంటే వాల్వులను నెట్టే కడ్డీలు, కళ్లముందే ఉంటాయి. దీనికి సందు కొలిచే ఫీలర్ గేజ్ కూడా అక్కర్లేదు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసి ఉండగా) పైకి వచ్చాక, రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పాలి. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. అంతే కొలత. మొదట్లో నేను బిగువుగా పెట్టేవాణ్ణి, టకటక శబ్దం పోయిందని సంబరపడేవాణ్ణి. వేడెక్కాక వాల్వు సరిగా మూసుకోక బండి ఐడిలింగ్‌లో ఆగిపోయేది. కొద్దిగా టకటకమంటేనే ఆరోగ్యం అని మా వీధి చివర పెద్దాయన చెప్పాడు. వినలేదు. రెండు నెలల తర్వాత విన్నాను.

అసలు ఓపిక కావాల్సింది పాయింట్ల దగ్గర. స్విచ్ లాంటి ఈ చిన్న మొనలు విడిపోయినప్పుడే ప్లగ్‌లో నిప్పురవ్వ పుడుతుంది. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. వాటిని విడదీసే కామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూసుకుని స్క్రూ బిగించాలి. బిగించేటప్పుడు గ్యాపు జరుగుతుంది, మళ్లీ చూసుకోవాలి. టైమింగ్‌కు, అంటే ఆ రవ్వ సరైన క్షణంలో పడేలా చూసుకోవడానికి, పాత పద్ధతి సిగరెట్ కాగితం. పాయింట్ల మధ్య ఆ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పితే, పాయింట్లు విడిపోయే క్షణంలో కాగితం జారి చేతికొస్తుంది. నాకు సిగరెట్ అలవాటు లేదు. దీనికోసం ఒక సిగరెట్ కొని, పొగాకు పారబోసి, కాగితం జేబులో పెట్టుకుంటుంటే కిళ్లీ కొట్టు అతను అదోలా చూశాడు. మర్నాడు ఆ కబురు మా ఇంటికీ చేరింది.

స్టార్టింగ్ గురించి భయపెట్టేవాళ్లు చాలామంది. పద్ధతి తెలిస్తే పిల్లాడి పని. కిక్ నెమ్మదిగా నొక్కుతూ కరెంటు చూపే ఆమ్మీటర్ చూడండి. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది, విడిపోగానే మధ్యకొస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెషర్ (సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసే లివర్) పట్టుకుని కిక్ ఇంకాస్త కిందికి దించి, వదిలేసి, కిక్ పైకి రానిచ్చి అప్పుడు ఒక్కటి కొట్టాలి. ఆ ముల్లును చూడకుండా కొట్టినవాళ్లకే కిక్ ఎదురు తన్నేది.

ఆయిల్ నేను 2,500 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను, 20డబ్ల్యూ50 రకం, రెండు లీటర్ల పైచిలుకు పడుతుంది. బండిని పది నిమిషాలు నడిపి, వేడి మీదే దించాలి. ఆయిల్ వడగట్టే ఫెల్ట్ ఫిల్టర్ కూడా అప్పుడే మారుస్తాను. ఇక్కడే నా మొదటి నిర్వాకం: కారకూడదని ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును శక్తికొద్దీ బిగించాను. కేసు అల్యూమినియం. థ్రెడ్ మొత్తం బోల్టుతో పాటు ఊడొచ్చింది. లేత్ షాపులో కొత్త థ్రెడ్ వేయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి ప్రతిసారీ కొత్త రాగి వైసరు వేస్తాను, పానా మీద ఒక్క చెయ్యే పెడతాను.

ఇక సైలెన్సర్. 2016లో పొడుగు సైలెన్సర్ తీసేసి, లోపల ఏమీ లేని పొట్టి గొట్టం ఒకటి పెట్టించాను. ఆ దుకాణం పేరు వద్దు, అడిగి పెట్టించుకున్నది నేనే. శబ్దం అదిరిపోయింది, వారం రోజులు రాజాలా తిరిగాను. పొగ బయటికి తేలిగ్గా పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గట్టు కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం) పెంచాలి. నేను పెంచలేదు. ప్లగ్ తీసి చూస్తే సుద్దముక్కలా తెల్లగా ఉంది, పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కుతోందన్నమాట. కాఫీపొడి రంగులో ఉండాల్సిన ప్లగ్ అలా కనిపించినప్పుడే ఆగాల్సింది. మే నెల మధ్యాహ్నం విజయవాడ వెళ్తూ, కాజ టోల్ గేటు దాటాక, కీచుమని ఒక శబ్దం, వేడికి పిస్టన్ బిగుసుకుని వెనక చక్రం పట్టేసింది. క్లచ్ నొక్కాను కాబట్టి ఇది రాస్తున్నాను. అరగంట చెట్టు కింద కూర్చున్నాక కిక్ కదిలింది, కానీ పిస్టన్ మీద గీతలు పడ్డాయి. బోరింగు (సిలిండర్ లోపలి గోడను అరగదీయడం), కొత్త పిస్టన్. రెండో నిర్వాకం ఇదే.

పైగా శబ్దానికి చలానా వేరే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన వీడియో చూసి, అటక మీదున్న నా గొట్టాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేశాను.

పాత పొడుగు సైలెన్సర్‌కు చేసేదేం పెద్దగా లేదు. కానీ ఒకటి గమనించండి. యాక్సిలేటర్ వదిలినప్పుడు టప్ టప్‌మని పేలుతుంటే అందరూ కార్బొరేటర్ మీద పడతారు. నా బండిలో చాలాసార్లు తప్పు ఇంజను నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపు దగ్గరే. ఆ పైపు ఇంజను పైభాగమైన హెడ్‌లోకి ఊరికే దూరి ఉంటుంది, బోల్టులు లేవు. సందు పడితే చుట్టూ నల్లటి మసి గీత కనిపిస్తుంది. పైపు ఊడదీసి, వైరు బ్రష్‌తో కార్బన్ గీకి, సైలెన్సర్ పేస్ట్ పల్చగా రాసి, రబ్బరు సుత్తితో దూర్చాలి. బ్రాకెట్ బోల్టులు చివర్లోనే బిగించాలి. ముందు బిగిస్తే పైపు ఒకపక్కకు లాగి నెలలోనే మళ్లీ సందు పడుతుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున స్టార్ట్ చేయాలి.

ఇంకోటి, పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా బుల్లెట్ తీయకండి. సైలెన్సర్ వేడెక్కక ముందే ఆపేస్తే లోపల నీరు నిలిచి తుప్పు పడుతుంది. నా రెండో సైలెన్సర్ అడుగు పోయింది అలాగే.

ఎవరు కొనాలి? ఆదివారం పొద్దున రెండు గంటలు, మసి చేతులు, ఇంట్లోవాళ్ల సణుగుడు ఇబ్బంది కానివాళ్లు. తాళం తిప్పి ఆఫీసుకు వెళ్లిపోవాలనుకునేవాళ్లు వద్దు, వాళ్లకు బటన్ స్టార్ట్ బళ్లు బోలెడు. మైలేజీ నాకు ముప్పై ఐదు వస్తోంది. బండి కింద అట్టముక్క వేసే ఉంచుతాను. ముప్పై ఏళ్ల గ్యాస్కెట్లు కదా, పొద్దున్నే రెండు చుక్కలు ఉంటాయి. మూడు కనిపించిన రోజున పానాల పెట్టె తీస్తాను.