క్యూహెచ్‌క్యూజీతో ఎనిమిదేళ్లు: ఓవర్‌క్లాక్ చేసుకోండి, బయోస్ మాత్రం ముట్టుకోకండి

క్యూహెచ్‌క్యూజీ అనేది ఇంటెల్ స్కైలేక్ తరం ప్రాసెసర్‌కి ఇంజినీరింగ్ శాంపిల్. 2017లో ఈ చిప్ కొన్న కొత్తలో కనబడ్డవాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ని. ఏడు వేల లోపు ఎనిమిది థ్రెడ్ల స్కైలేక్ దొరుకుతుంటే, షాపులో దొరికే ఐ7-6700కి అంతకు మూడు రెట్లు పోయడం దండగ అని. నా మాట విని ఇద్దరు కొన్నారు. వాళ్లలో ఒకడు ఈ రోజుకీ ఏ పెళ్లిలో కనబడ్డా ముందు బయోస్ (ఆన్ కాగానే కంప్యూటర్‌ని లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) సంగతెత్తి నాలుగు అంటించాకే భోజనానికి వెళ్తాడు. వాణ్ని అనడానికేం లేదు.

ఇంజినీరింగ్ శాంపిల్ అంటే ఏమిటో, మూత మీద ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఎందుకుంటుందో ఇది చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చిప్ మార్కెట్లోకి రాకముందు పరీక్షల కోసం బయటివాళ్లకు అరువిచ్చే సరుకు, అమ్మకానికి పెట్టింది కాదు. అలాంటిది చైనా నుంచి పోస్టులో తెప్పించుకున్నవాడికి వారంటీ అనే మాట ఎత్తే మొహం ఉండదు. చిప్ వివరాలు చూపించే సీపీయూ-జడ్ తెరిస్తే పేరు దగ్గర ‘జెన్యూన్ ఇంటెల్ సీపీయూ 0000’ అని వస్తుంది. అసలుదేనని చెప్పి పేరు మాత్రం సున్నాల్లో పెట్టారు. అది చూసి మొదటిరోజు చాలాసేపు నవ్వుకున్నాను.

నన్ను బుట్టలో పడేసింది బేస్ క్లాక్. దాన్ని గుణకంతో హెచ్చిస్తే వచ్చేదే చిప్ వేగం, దాన్ని పెంచి చిప్‌ని పరిగెత్తించడమే ఇక్కడ ఓవర్‌క్లాక్. పాత తరమైన హాస్వెల్ దాకా 100 మెగాహెర్ట్జ్ మీద నాలుగైదు పెంచితే చాలు, చిప్‌ని మిగతా భాగాలతో కలిపే పీసీఐ, డీఎంఐ దారులు కూడా దాంతోపాటే కదిలి మొత్తం తలకిందులయ్యేది. స్కైలేక్‌లో వాటి క్లాక్ విడదీశారు. 2015 డిసెంబరులో కొన్ని బోర్డు కంపెనీలు పేరులో కే అక్షరం లేని, అంటే ఓవర్‌క్లాక్‌కి ఉద్దేశించని చిప్‌లకు కూడా ఈ తలుపు తెరిచే బయోస్‌లు ఇచ్చాయి, 2016 ఫిబ్రవరికల్లా ఇంటెల్ కొత్త మైక్రోకోడ్‌తో (బయోస్ ద్వారా చిప్‌లోకి ఎక్కే లోపలి కోడ్) దాన్ని మూయించింది. నా జెడ్170 బోర్డులో ఆ మధ్యకాలపు బయోసే ఉంది. గుణకం 22, బేస్ క్లాక్ 150. అంటే 2.2 గిగాహెర్ట్జ్ చిప్ 3.3 దగ్గర నడిచింది. ర్యామ్‌ను బయోస్‌లో 1600 అని తగ్గించి పెడితే అదే 2400కి వచ్చి కూర్చుంది. డిసెంబరు చలిలో రాత్రంతా చిప్‌కి పూర్తి భారం వేసే స్ట్రెస్ టెస్ట్ పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు.

మేలో మా డాబా ఇంటి పై గదిలో అదే 150 మధ్యాహ్నం రెండింటికల్లా ఫ్రీజ్ అయ్యేది. ఎంత వేడెక్కిందో చూద్దామంటే, బేస్ క్లాక్ పెంచగానే కోర్ల ఉష్ణోగ్రత 100 దగ్గర బిగుసుకుపోతుంది. చిప్ చల్లగా ఉన్నా 100, కాలిపోతున్నా 100. మొత్తం ప్యాకేజీకి చూపించే అంకె ఒక్కటే కాస్త నమ్మదగింది. చివరికి 141 దగ్గర, అంటే 3.1 గిగాహెర్ట్జ్‌కి రాజీపడ్డాను, ఏడాది పొడవునా అదే. మొదట్లో నేను అందరికీ చెప్పిన 3.3 చలికాలపు లెక్కన్నమాట.

ఇక బయోస్ సంగతి. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపాల గొడవ బయటపడింది. ముందు ఇచ్చిన మైక్రోకోడ్‌తో కొన్ని సిస్టమ్‌లు వాటంతటవే రీబూట్ అవుతున్నాయని, అది వాడొద్దని అదే నెలలో ఇంటెలే చెప్పింది. ఫిబ్రవరిలో స్కైలేక్‌కి సరిచేసింది వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా బోర్డు కంపెనీ కొత్త బయోస్ పెట్టింది. టెన్షన్‌తో ఆ రాత్రే దాన్ని బోర్డులోకి ఎక్కించాను (ఫ్లాష్ చేశాను). నూరు శాతం పూర్తయింది, రీస్టార్ట్ అయింది, ఫ్యాన్లు తిరిగాయి, బోర్డు మీద సీపీయూ దగ్గర ఎర్ర దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. బ్యాటరీ తీసి పెట్టాను. ఒక్క ర్యామ్‌తో చూశాను. చిప్ తీసి, తుడిచి, మళ్లీ పేస్ట్ రాసి బిగించాను. రెండు దాటాక మా ఆవిడ లేచొచ్చి, “ఇంకా బాగవలేదా?” అనలేదు, “ఎంత పోయింది?” అని అడిగింది.

మర్నాడు అన్నీ సంచిలో వేసుకుని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లాను. రిపేర్ కుర్రాడు తన దగ్గరున్న ఐ3-6100 నా బోర్డులో పెడితే టక్కున ఆన్ అయింది. నా చిప్ తన హెచ్110 బోర్డులో పెడితే నల్ల తెర. “బోర్డు మంచిగనే ఉందన్నా, ప్రాసెసరే పోయింది” అన్నాడు. నేనూ నమ్మాను. కింద ఛాయ్ తాగుతుంటే తట్టింది, వాడి బోర్డులోదీ కొత్త బయోసే కదా అని. ఈ శాంపిల్ మార్కెట్లోకి వచ్చిన చిప్ కన్నా ముందరి స్టెప్పింగ్, అంటే ముందరి కూర్పు. దానికి కావాల్సిన మైక్రోకోడ్ తొలి బయోస్‌లలో ఉండేది, కొత్తవాటిలో తీసేశారు. చిప్ బతికే ఉంది, దాన్ని గుర్తుపట్టే బయోసే లేదు.

మళ్లీ పైకెళ్లి ఐ3 పెట్టించి పాత బయోస్‌కి వెనక్కి వెళ్దామని చూస్తే, బోర్డు ఒప్పుకోలేదు. కొత్తది ఎక్కాక పాతది ఎక్కించనివ్వదట. ఇక మిగిలింది సీహెచ్341ఏ ప్రోగ్రామర్. బయోస్ ఉండే ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌ని క్లిప్‌తో పట్టుకుని నేరుగా రాయాలి. మొదటిసారి చదివితే మొత్తం ఎఫ్ఎఫ్‌లే (ఖాళీ అన్నట్టు) వచ్చాయి, క్లిప్ సరిగా పట్టలేదు. “ఆగన్నా, ఊపిరి బిగబట్టి పెడ్తా” అని కుర్రాడు నిజంగానే బిగబట్టాడు. రెండుసార్లు చదివి రెండూ ఒకటేనని చూసుకున్నాక రాద్దామంటే పాత ఫైల్ లేదు. కంపెనీ సైట్లో ఆ వెర్షన్ ఎప్పుడో ఎత్తేశారు. ఇంటికి ఫోన్ చేసి, మా తమ్ముడి చేత పాత హార్డ్‌డిస్క్ అంతా వెతికిస్తే, సినిమాల ఫోల్డర్లో దొరికింది. మెయిల్లో పంపాడు, రాశాం, క్యూహెచ్‌క్యూజీ లేచింది.

ఆ ఆనందంలో లాన్ (నెట్‌వర్క్) సెట్టింగ్స్ ఉండే భాగాన్ని కాపీ చేసుకోవడం మరిచాం. ఆ రోజు నుంచి నెట్‌వర్క్‌లో నా కంప్యూటర్‌ని గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్ 88:88:88:88:87:88. ఇలా తప్పు రాసుకున్న ఇంటెల్ లాన్ బోర్డులన్నిటికీ ఇదే అంకె. ఇంట్లో అలాంటిది ఇదొక్కటే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకో మాట కూడా దాచకూడదు. మా బావమరిది పెళ్లి వీడియోలు తీస్తాడు, రెండరింగ్ నా దగ్గరే. రెండేళ్లు 3.1 దగ్గర నడిపి, వేగం అంటే ఇదే అనుకున్నాను. ఓసారి ఏదో పనికి బయోస్ డిఫాల్ట్‌లో వదిలేస్తే రెండున్నర గంటలు పట్టే రెండరింగ్ గంటన్నరలో అయిపోయింది. బేస్ క్లాక్ ఇలా పెంచినప్పుడు ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే ఏవీఎక్స్ సూచనలు ఘోరంగా నెమ్మదిస్తాయి, వీడియో తయారుచేసే ఎన్‌కోడర్లకు అవే ప్రాణం. గేమ్స్‌లో, కంపైలింగ్‌లో తేడా నిజంగానే ఉంది, వీడియోకి మాత్రం నేను రెండేళ్లు బ్రేకు మీద కాలేసి నడిపాను. బావమరిదికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చిప్ లోపలి గ్రాఫిక్స్ కూడా ఓవర్‌క్లాక్‌లో పనిచేయదు. 2021లో నా గ్రాఫిక్స్ కార్డు పోయి, బయట కార్డుల ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు నాలుగు నెలలు 2.2 దగ్గరే గడిపాను. వీడియోలు మాత్రం త్వరగా వచ్చాయి.

కొనమంటానా? నా దగ్గర అప్పటికే జెడ్170 బోర్డు ఉంది, సరైన బయోస్ ఉంది, సీటీసీ బస్సులో ముప్పావు గంట దూరంలో ఉంది. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా నేనే కొనేవాణ్ని కాదు. సెక్యూరిటీ మైక్రోకోడ్ దీనికి ఎప్పటికీ రాదు కాబట్టి బ్యాంకు పనులు ఫోన్లోనే. విండోస్ 11 ఎలాగూ స్కైలేక్‌ని ఒప్పుకోదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరులో ఆగిపోయింది, ఇప్పుడు లినక్స్ వేసుకుని పిల్లల గేమ్స్‌కి, నా ప్రయోగాలకి వాడుతున్నాను. ఈ మేలో 141 కూడా తట్టుకోలేక 136కి దించాను, వయసైపోయిందో, పేస్ట్ ఎండిందో.

పాత బయోస్ ఫైల్ మూడు పెన్‌డ్రైవ్‌ల్లో ఉంది. ఒకటి మా అమ్మ బీరువాలో, బంగారం రసీదుల పక్కన.