సౌత్ షోర్ రైలు పెట్టెలు: పదేళ్లు ఎక్కి దిగాక

2012 నుంచి పదేళ్లకు పైగా ఇండియానాలోని మిషిగన్ సిటీ నుంచి షికాగోకి ఉద్యోగానికి సౌత్ షోర్ రైల్లోనే తిరిగాను. అమెరికాలో ఒకప్పుడు ఊరికీ ఊరికీ మధ్య నడిచిన ఇంటర్‌అర్బన్ కరెంటు రైళ్లు, కార్లొచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1908లో మొదలైన ఇది మాత్రం నిలిచింది.

నేను ఎక్కినవి రెండు రకాల పెట్టెలు. 1982–83లో వచ్చిన ఒకే అంతస్తు స్టీలు పెట్టెలు, 2009లో వచ్చిన రెండంతస్తులవి. రెండూ జపాన్‌లోని నిప్పాన్ షార్యో తయారీయే. నా ఓటు పాతవాటికే. కదిలేటప్పుడు కాళ్లకింద మోటార్ల మూలుగు సన్నగా మొదలై పెరుగుతుంది, నాకైతే అది వింటేనే నిద్ర ముంచుకొస్తుంది. చలికాలం తెల్లవారుజామున పైన కరెంటు తీగ మీద మంచు పేరుకుంటే, రైలు కప్పు మీద నుంచి ఆ తీగని తాకి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ దగ్గర నీలం మెరుపులు చిమ్ముతాయి. క్షణంపాటు పట్టాల పక్కన మంచంతా నీలంగా వెలుగుతుంది. ఆ తీగలో పారేది 1500 వోల్టుల డీసీ.

రెండంతస్తుల పెట్టెలో పైన నడిమధ్య ఖాళీ వదిలి, ఇటో వరుస అటో వరుస ఒంటి సీట్లు వేశారు. కండక్టర్ కింద నడుస్తూనే పైవాళ్ల టికెట్లు కూడా చూసేస్తాడు. పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి చదువుకునేవాళ్లకి హాయి. ఆరడుగుల నాకు మాత్రం మెడ వంచక తప్పదు.

ప్లాట్‌ఫాం ఎత్తుగా లేనిచోట కండక్టర్ తలుపు దగ్గర నేలపలక పైకెత్తుతాడు, కింద మెట్లు బయటపడతాయి. 2022 దాకా మా ఊళ్లో పదకొండో వీధి నడిరోడ్డు మీదే రైలు ఆగేది. తెనాలి నుంచి వచ్చిన అమ్మ అక్కడ చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని ఎక్కుతూ, "అమెరికా వచ్చినా ఈ మెట్లు తప్పలేదురా" అంది. వెనక కార్లన్నీ ఆవిడ ఎక్కేదాకా ఆగాయి.

వీటికి ముందు నడిచిన నారింజరంగు పుల్‌మన్ కంపెనీ పెట్టెల్ని ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో చూశాను. 1926 నుంచి 1980ల దాకా తిరిగాయట! 1940లలో జనం పెరిగితే వాటిలో చాలావాటిని నడిమికి కోసి మధ్యలో కొత్త ముక్క కలిపారు, ఎదిగే పిల్ల పరికిణీకి అంచు అతికినట్టు. అతుకు కోసం పక్కనంతా తడిమి చూశాను. నాకైతే దొరకలేదు.

ఇప్పుడు వారానికి రెండు రోజులే ఆఫీసు. రెండు రకాల పెట్టెలూ ఎదురుగా ఉంటే ఒకే అంతస్తు వాటివైపే నడుస్తాను.